పడిన ఎత్తు – ఆగిన దూరం



వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసి పంపమని కబురు వచ్చినప్పుడు ముందు ఒక కవిత రాద్దామనుకున్నాను. నాలుగు లైన్లు రాసి చించేశాను. నేను ఫిజికల్ సైన్స్ చెప్పుకునే మాస్టారిని. నాకు చేతనైంది లెక్క చెప్పడమే. అందుకని ఒక లెక్కే రాస్తున్నాను. పదో తరగతి, ఇంటర్ చదివేవాళ్ళకు ఇది పరీక్షల్లో పనికొస్తుంది. అంతకుమించి కాళ్ళూ చేతులూ విరగకుండా ఉండటానికి పనికొస్తుంది. ఈ లెక్క నేను పుస్తకం కంటే ముందు నా మడమతో నేర్చుకున్నాను.

బాత్రూముల కప్పు మీది నుంచి

నేను తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు మన హాస్టల్ వెనకవైపు ఒక గది కడుతున్నారు. బాత్రూముల పక్కన లారీ ఇసుక పోసి ఉంది. ఆ ఆదివారం టీవీలో సినిమా వేశారు. అందులో హీరో మేడ మీది నుంచి దూకి, చొక్కా దులుపుకుని, ఏమీ జరగనట్టు నడిచిపోయాడు. మాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మర్నాడు సాయంత్రం స్టడీ అవర్‌కు ముందు నేనూ, నా ట్రంకు పెట్టె పక్కన పెట్టె పెట్టుకునే నా స్నేహితుడూ బాత్రూముల కప్పు ఎక్కాం. నేల నుంచి పది అడుగులు.

వాడు ముందు దూకాడు. ఇసుకలో దిగబడి, మోకాళ్ళు ముడిచి, ఒక పక్కకు దొర్లి నవ్వుకుంటూ లేచాడు. తర్వాత నేను దూకాను. భయంతో కాళ్ళు కర్రల్లా బిగబట్టాను. కొంచెం పక్కకు పడ్డాను. అక్కడ ఇసుక లేదు. లారీ టైర్లు తొక్కి గట్టిపడిన నేల ఉంది. ఎడమ మడమ ఎముక విరిగింది. నలభై రోజులు కట్టు. వంట చేసే పెద్దమ్మ రోజూ నా కంచం నా దగ్గరికే తెచ్చి పెట్టేది, పెడుతూ తిట్టేది.

ఆ నలభై రోజులూ నన్ను వేధించిన ప్రశ్న ఒక్కటే. ఒకే కప్పు. ఒకే ఎత్తు. ఇద్దరం ఇంచుమించు ఒకే బరువు. వాడికి గీత కూడా పడలేదు, నాకెందుకు ఎముక విరిగింది? అప్పుడు "వాడి అదృష్టం" అనుకున్నాను. ఇంటర్‌లో పని, శక్తి పాఠం విన్న రోజున అసలు సంగతి తెలిసింది.

నేను బి.ఇడి. చేసి మాస్టారినయ్యాను. వాడు ఇంటర్ తప్పి హైదరాబాదు బస్సెక్కాడు. ఇప్పుడు ఫిల్మ్ నగర్‌లో ఫైటర్. వాడి పేరు రాయొద్దన్నాడు, అందుకే రాయడం లేదు.

ఫిల్మ్ నగర్‌లో అట్టపెట్టెలు

మీలో చాలామందికి ఫిల్మ్ నగర్ అంటే పెద్ద పెద్ద బంగళాలే గుర్తొస్తాయి. ఒకప్పుడు అదంతా రాళ్ళ గుట్టలు. తెలుగు సినిమా మద్రాసు నుంచి హైదరాబాదుకు తరలి వస్తున్న రోజుల్లో, 1976లో అక్కినేని నాగేశ్వరరావు గారి అన్నపూర్ణ స్టూడియో బంజారాహిల్స్ వైపు మొదలైంది. ఆ తర్వాత ఫిల్మ్ నగర్‌లో రామానాయుడు స్టూడియో లాంటివి వచ్చాయి. ఆ బంగళాల పక్కనే బస్తీలున్నాయి. గుట్ట దిగితే కృష్ణానగర్. లైట్ బాయ్‌లు, జూనియర్ ఆర్టిస్టులు, ఫైటర్లు ఎక్కువగా అద్దెకుండేది అక్కడే. ప్రకాశం జిల్లా పల్లెటూరి నుంచి వచ్చి ఫైట్ మాస్టర్లుగా పేరు తెచ్చుకున్న రామ్–లక్ష్మణ్ కవలల్లాంటి వాళ్ళను చూసి, ఎన్నో ఊళ్ళ నుంచి కుర్రాళ్ళు ఈ పనికి వస్తుంటారు.

ఒకసారి వాడి గదికి వెళ్ళాను. "ముప్పై అడుగుల మీది నుంచి పడతావు కదరా, భయం వెయ్యదా?" అని అడిగాను.

"మామా, మేం పైకి చూసి భయపడం. కింద ఏం వేశారో చూసి భయపడతాం," అన్నాడు.

కింద ఏం వేస్తారు? ఖాళీ అట్టపెట్టెలు. టీవీలు, ఫ్రిజ్‌లు ప్యాక్ చేసి వచ్చేలాంటి పెద్ద పెట్టెలు. వాటిని వరుస మీద వరుస పేర్చి, చుట్టూ తాడు కట్టి, పైన బెడ్లు పరుస్తారు. పెద్ద బడ్జెట్ సినిమా అయితే గాలి నింపిన ఎయిర్ బ్యాగ్ తెస్తారు. కెమెరాకు ఇదేదీ కనపడదు. థియేటర్లో మనకు కనపడేది పడటం ఒక్కటే. మనిషిని బతికించే భాగం ఎప్పుడూ ఫ్రేము బయటే ఉంటుంది. నేను తొమ్మిదో తరగతిలో చూసిన సినిమాలోనూ అంతే అయి ఉంటుంది.

ఆ అట్టపెట్టెలు చేసే పని ఏమిటో ఇప్పుడు లెక్కలో చూద్దాం.

లెక్క ఇదీ

ఎత్తు మీద ఉన్న వస్తువుకు స్థితిజశక్తి ఉంటుంది. బరువును ఎత్తుతో గుణిస్తే అది వస్తుంది. బరువు అంటే ద్రవ్యరాశిని గురుత్వ త్వరణంతో గుణించగా వచ్చేది. గురుత్వ త్వరణం సెకనుకు సెకనుకు 9.8 మీటర్లు. లెక్క సులువుగా ఉండటానికి 10 అనుకుందాం. అప్పుడు 40 కిలోల కుర్రాడి బరువు 400 న్యూటన్లు.

పడుతున్నకొద్దీ స్థితిజశక్తి తగ్గి గతిజశక్తి పెరుగుతుంది. నేలను తాకేసరికి అంతా గతిజశక్తిగా మారుతుంది. 3 మీటర్ల, అంటే పది అడుగుల ఎత్తు నుంచి పడితే 400 × 3 = 1,200 జౌళ్ళు. నాకైనా వాడికైనా ఇదే లెక్క. వేగం కూడా ఇద్దరికీ ఒకటే, గంటకు సుమారు 28 కిలోమీటర్లు.

ఇప్పుడు ఈ శక్తిని ఎవరో ఒకరు ఖర్చు పెట్టాలి, లేకపోతే ఒళ్ళు ఆగదు. కింద నుంచి పైకి తోసే బలం ఆ పని చేస్తుంది. బలం చేసిన పని అంటే బలాన్ని దూరంతో గుణించడమే అని మీరు చదువుకున్నారు. ఇక్కడ ఆ దూరం ఏది? ఒళ్ళు తాకిన క్షణం నుంచి పూర్తిగా ఆగేదాకా ఇంకా ఎంత కిందికి దిగిందో అది. దాన్నే ఆగిన దూరం అందాం. ఇసుక దిగబడటం, పెట్టె నలగటం, మోకాలు ముడవటం అన్నీ ఇందులో కలుస్తాయి.

ఒక చిన్న సంగతి మరిచిపోవద్దు. ఆగుతున్న ఆ కాస్త దూరంలో కూడా భూమి మనల్ని లాగుతూనే ఉంటుంది. కాబట్టి మొత్తం దిగిన ఎత్తు అంటే పడిన ఎత్తుకు ఆగిన దూరం కలపాలి. అప్పుడు:

సరాసరి బలం × ఆగిన దూరం = బరువు × (పడిన ఎత్తు + ఆగిన దూరం)

ఇంకా సులువుగా రాస్తే:

సరాసరి బలం = బరువు × (పడిన ఎత్తు ÷ ఆగిన దూరం + 1)

ఇక మా ఇద్దరి సంగతి చూడండి. వాడు ఇసుకలో దిగబడి, మోకాళ్ళు ముడిచాడు. ఒళ్ళు మొత్తం మీద 60 సెంటీమీటర్లు దిగి ఆగిందనుకుందాం. 3 ÷ 0.6 = 5. దానికి 1 కలిపితే 6. అంటే 400 × 6 = 2,400 న్యూటన్లు. వాడి బరువుకు ఆరు రెట్లు.

నేను గట్టి నేల మీద కాళ్ళు బిగబట్టి పడ్డాను. 10 సెంటీమీటర్లలో ఆగాననుకుందాం. 3 ÷ 0.1 = 30. 1 కలిపితే 31. అంటే 400 × 31 = 12,400 న్యూటన్లు. నా బరువుకు ముప్పై ఒక్క రెట్లు. అదంతా రెండు మడమల మీద!

ఎత్తు ఒకటే, శక్తి ఒకటే. బలం అయిదు రెట్లకు పైగా తేడా. తేడా వచ్చింది ఆగిన దూరంలో. వాడికి దక్కింది అదృష్టం కాదు, ఇంకో యాభై సెంటీమీటర్లు.

ముప్పై అడుగుల జంప్

ఇప్పుడు ఫైటర్ లెక్క చేద్దాం. 70 కిలోల మనిషి, 9 మీటర్ల ఎత్తు. ముప్పై అడుగులన్నమాట. పెట్టెలు నలిగి, మనిషి మీటరున్నర దిగి ఆగాడనుకుందాం. 9 ÷ 1.5 = 6. 1 కలిపితే 7. బరువు 700 న్యూటన్లు కాబట్టి సరాసరి బలం 4,900 న్యూటన్లు.

పెట్టెలు లేకుండా పలచటి పరుపు ఒకటే వేస్తే? 10 సెంటీమీటర్లలో ఆగుతాడు. 9 ÷ 0.1 = 90. 1 కలిపితే 91 రెట్లు. 63,700 న్యూటన్లు. మనిషి బతకడు.

ఇదే లెక్క కాలంతో కూడా చెయ్యొచ్చు. రెండు దారుల్లోనూ ఒకే జవాబు రావాలి, చూడండి. తాకేటప్పుడు వేగం సెకనుకు 13.4 మీటర్లు. ద్రవ్యవేగం 70 × 13.4 = 938. ఒకే తీరుగా వేగం తగ్గుతూ మీటరున్నరలో ఆగడానికి పట్టే కాలం 3 ÷ 13.4, అంటే సుమారు 0.224 సెకన్లు. 938 ని 0.224 తో భాగిస్తే సుమారు 4,190 న్యూటన్లు.

ఇంకో 700 ఏమైంది? చాలామంది మార్కులు పోగొట్టుకునే చోటు ఇదే. ద్రవ్యవేగం మార్పును కాలంతో భాగిస్తే వచ్చేది ఫలిత బలం. అంటే పెట్టెల బలంలోంచి బరువు తీసేయగా మిగిలింది. పెట్టెలు మనిషి వేగాన్ని ఆపడమే కాదు, అతని బరువును కూడా మోయాలి. కాబట్టి 4,190 కి 700 కలపాలి. 4,890. ముందు వచ్చిన 4,900 తో సరిపోయింది. దశాంశాల దగ్గర కాస్త తేడా, అంతే.

క్రికెట్లో బంతి పట్టేటప్పుడు చేతులు వెనక్కి లాగమని చెప్పేది కూడా దీనికోసమే. దూరం పెరిగితే కాలం పెరుగుతుంది, బలం తగ్గుతుంది.

పరీక్షలో జారే చోట్లు

ఒకటి. "50 కిలోల వస్తువు 5 మీటర్ల నుంచి పడితే ఎంత బలంతో తగులుతుంది?" అని ఎవరైనా అడిగితే, ఆ ప్రశ్నకు జవాబు లేదు. ఎంత దూరంలో, లేదా ఎంత కాలంలో ఆగిందో చెప్పాలి. అది చెప్పకపోతే శక్తి చెప్పగలం, వేగం చెప్పగలం. బలం చెప్పలేం. పడే వస్తువు బలాన్ని సంచిలో వేసుకుని రాదు. కింద ఉన్నదాన్ని బట్టి బలం పుడుతుంది.

రెండు. ఇది సరాసరి బలం మాత్రమే. మొదటి నుంచి చివరిదాకా ఒకే బలం ఉందనుకుని చేసిన లెక్క. స్ప్రింగు మీద పడితే మొదట బలం సున్నా, నొక్కుకుపోయేకొద్దీ పెరుగుతుంది. చివర్లో అది సరాసరికి రెండింతలు అవుతుంది. పైగా స్ప్రింగు మింగిన శక్తిని తిరిగి ఇచ్చేసి మనిషిని పైకి విసురుతుంది. అట్టపెట్టె అలా కాదు. నలిగి, చిరిగి, శక్తిని తనలోనే ఖర్చు పెట్టేసుకుంటుంది. వరుస తర్వాత వరుస నలుగుతుంది కాబట్టి బలం ఇంచుమించు ఒకే తీరుగా ఉంటుంది. అందుకే ఇంత చవక వస్తువు ఇంత మంచి పని చేస్తుంది. ఎయిర్ బ్యాగ్‌కు గాలి పోయే దారులు పెట్టేదీ ఇందుకే. బిగించి కట్టేస్తే అది బంతిలా ఎగరేస్తుంది.

మూడు. బలం ఎంతన్నదే కాదు, ఎంత వైశాల్యం మీద పడిందన్నదీ ముఖ్యమే. అందుకే ఫైటర్ కాళ్ళ మీద కాకుండా వీపు మొత్తం ఆనేలా వెల్లకిలా పడతాడు. "ముందు అడుగు ఎత్తు నుంచి వీపు మీద పడటం నేర్పిస్తారు. అది వచ్చాకే పైకి ఎక్కనిస్తారు," అన్నాడు నా స్నేహితుడు.

అట్టపెట్టెల శక్తిని లోకమంతా చూసిన రోజు కూడా ఒకటుంది. 2012 మే నెలలో ఇంగ్లండుకు చెందిన గ్యారీ కానరీ అనే స్టంట్ మనిషి రెక్కల దుస్తులు వేసుకుని సుమారు 2,400 అడుగుల ఎత్తులో హెలికాప్టర్ నుంచి దూకాడు. పారాచూట్ విప్పకుండానే కిందికి దిగాడు. కింద పేర్చినవి 18,600 అట్టపెట్టెలు. ఏటవాలుగా జారుతూ వస్తాడు కాబట్టి వాటిని పొడుగ్గా పరిచారు. అంటే అడ్డంగా ఆగే దూరం దొరికేలా. పెట్టెల్లోంచి నడుచుకుంటూ బయటికొచ్చాడు.

లెక్క సరిపోయినా

లెక్క తెలిస్తే చాలు, ఎక్కడినుంచైనా దూకొచ్చు అనుకోకండి. 1978లో అమెరికాలో బకూనస్ అనే పేరున్న స్టంట్ మనిషి ఒక సినిమా కోసం సుమారు 300 అడుగుల మీది నుంచి ఎయిర్ బ్యాగ్ మీదికి దూకాడు. సరిగ్గా దాని మీదే పడ్డాడు. ఆ బ్యాగ్ చిరిగిపోయింది. అతను బతకలేదు. లెక్కలో ఆగిన దూరం అని రాసుకున్న అంకె నిజంగా అక్కడ ఉండాలి. అది పోతే అన్నీ పోయినట్టే.

2016 నవంబరులో బెంగళూరు దగ్గర ఒక జలాశయంలో కన్నడ సినిమా షూటింగు కోసం ఇద్దరు నటులు హెలికాప్టర్ నుంచి నీళ్ళలోకి దూకి, ఒడ్డుకు చేరలేక మునిగిపోయారు. ఆపేది నీరైతే ఆగిన తర్వాత బయటికి తెచ్చేవాళ్ళూ సిద్ధంగా ఉండాలి. 2024 జూలైలో చెన్నైలో ఒక తమిళ సినిమా షూటింగులో సుమారు 20 అడుగుల ఎత్తు నుంచి పడి ఒక ఫైటర్ చనిపోయాడు. ఇరవై అడుగులంటే మన హాస్టల్ మేడంత. అక్కడి నుంచి నేలకు చేరేసరికి వేగం గంటకు దాదాపు 40 కిలోమీటర్లు. "ఇరవై అడుగులే కదా" అనేవాడికి వేగం సంగతి తెలియదన్నమాట.

జాతీయ చలనచిత్ర అవార్డుల్లో స్టంట్లకు ఒక విభాగం పెట్టింది 2017లోనే. మరుసటి ఏడాది ఆ అవార్డు మన 'బాహుబలి 2' కు వచ్చింది. అప్పటిదాకా ఇన్నేళ్ళు హీరోల బదులు పడినవాళ్ళకు చప్పట్లు కూడా లేవు.

మన ఇళ్ళ సంగతి

తమ్ముళ్ళూ, ఈ లెక్క సినిమావాళ్ళది మాత్రమే కాదు. మన హాస్టల్లో ఉన్నవాళ్ళలో చాలామంది అమ్మానాన్నలు భవనాల పనికి వెళ్ళేవాళ్ళే. సెంట్రింగ్ పని, రంగుల పని, తాపీ పని. పరంజా మీద నిలబడే నాన్న నడుముకు ఒక మామూలు తాడు కట్టుకుంటే చాలనుకుంటాడు. చాలదు. చూడండి.

70 కిలోల మనిషి జారి 2 మీటర్లు పడ్డాక తాడు బిగిసింది. మామూలు తాడు 10 సెంటీమీటర్లు సాగిందనుకుందాం. 2 ÷ 0.1 = 20. 1 కలిపితే 21. 700 × 21 = 14,700 న్యూటన్లు, అదీ ఒక్క నడుము మీద. తాడు తెగకపోయినా నడుము విరుగుతుంది.

అందుకే ఎత్తు పనులకు భుజాలు, తొడలు కలిపి కట్టే బెల్టు ఉంటుంది. దాని తాడుకు మడతలు పెట్టి కుట్టిన ఒక పట్టీ ఉంటుంది. మనిషి పడగానే ఆ కుట్లు ఒక్కొక్కటే తెగుతూ పట్టీ పొడుగవుతుంది. 80 సెంటీమీటర్లు పొడుగైతే 2 ÷ 0.8 = 2.5. 1 కలిపితే 3.5. 700 × 3.5 = 2,450 న్యూటన్లు. ఇలాంటి పట్టీ మనిషి ఒంటి మీద 6,000 న్యూటన్లకు మించి పడనివ్వకూడదని యూరప్ ప్రమాణం చెబుతుంది. ఆ కుట్లు చేసే పనీ, ఫిల్మ్ నగర్ అట్టపెట్టెలు చేసే పనీ ఒక్కటే. ఒకసారి కుట్లు తెగిన పట్టీని మళ్ళీ వాడకూడదు. పట్టీ పొడుగవడానికి కింద ఖాళీ కూడా ఉండాలి.

ఈసారి సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు నాన్నను అడగండి. "నాన్నా, నీ బెల్టుకు కుట్ల పట్టీ ఉందా?" అని. లేకపోతే మేస్త్రీని అడగమని చెప్పండి. కాగితం మీద ఈ లెక్క చేసి చూపించండి. మీ చదువు మీ ఇంటికి మొదట ఉపయోగపడేది అలాగే.

మీరే చేసి చూడండి

గురుత్వ త్వరణం 10 గా తీసుకోండి.

1. 50 కిలోల మూట 5 మీటర్ల ఎత్తు నుంచి రంపపు పొట్టులో పడి, అరమీటరు దిగబడి ఆగింది. సరాసరి బలం ఎంత?

2. కిలోన్నర కొబ్బరికాయ 10 మీటర్ల చెట్టు మీది నుంచి తడి నేల మీద పడి 5 సెంటీమీటర్లు దిగింది. సరాసరి బలం ఎంత? (జవాబు చూశాక కొబ్బరిచెట్టు కింద చాప వేసుకోరు.)

3. 60 కిలోల ఫైటర్ 12 మీటర్ల నుంచి పడాలి. ఒంటి మీద సరాసరి బలం 4,200 న్యూటన్లు దాటకూడదు. ఆగే దూరం కనీసం ఎంత ఉండాలి?

జవాబులు: 1. 5,500 న్యూటన్లు. 2. 3,015 న్యూటన్లు. 3. 2 మీటర్లు.

మొన్న వాడికి ఫోన్ చేసి ఈ వ్యాసం చదివి వినిపించాను. అంతా విని, "ఇదంతా అప్పుడే తెలిసుంటే నువ్వు కూడా ఇసుకలోనే దూకేవాడివి కదరా," అన్నాడు. "తెలిసుంటే అసలు కప్పే ఎక్కేవాణ్ణి కాదు," అన్నాను. వాడు కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "పిల్లలకు ఆ ముక్క కూడా రాయి," అన్నాడు.

రాశాను. బాత్రూముల కప్పు ఇప్పటికీ అక్కడే ఉంది. ఇసుక మాత్రం లేదు.

మీ అందరికీ వార్షికోత్సవ శుభాకాంక్షలతో,

ఒక పూర్వ విద్యార్థి,
ఫిజికల్ సైన్స్ ఉపాధ్యాయుడు